పదిహేనుమంది లేరని చదువును మూసేస్తారా?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో చదువుల ఆయుష్షుకు ఇప్పుడొక లెక్క కట్టారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఒక డిగ్రీ కోర్సు నిలబడాలంటే మూడేళ్ల సగటున ఏటా కనీసం 15 మంది అందులో పట్టా తీసుకోవాలి. పీజీకి ఏడుగురు, పీహెచ్‌డీకి ముగ్గురు. అంతకు తగ్గితే రాష్ట్ర ఉన్నత విద్యా కమిషన్ అనుమతి ఇస్తేనే ఆ కోర్సు సాగుతుంది. ఈ నిబంధనను 2025 బడ్జెట్ చట్టంలో పెట్టారు. ఆ ఏడాది జూన్ 30న కమిషన్ ఒక జాబితా ప్రకటించింది. ఆరు ప్రభుత్వ విద్యాసంస్థలు కలిసి 408 కోర్సులను వదులుకుంటున్నాయి. 75 రద్దు, 101 నిలిపివేత, 232 విలీనం. రాష్ట్రంలోని మొత్తం కోర్సుల్లో ఇది దాదాపు ఐదో వంతు. ఒక్క ఇండియానా యూనివర్సిటీవే 249 ఉన్నాయి.

మా అమ్మాయి కాపురం ఇండియానాపోలిస్‌లో. నేను పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. అక్కడ ఉన్నప్పుడు ఆ జాబితా చదివాను. సైన్సు కోర్సులూ, టీచర్ ట్రైనింగ్ కోర్సులూ కూడా అందులో ఉన్నాయి కాబట్టి ఇది హ్యుమానిటీస్ (మానవీయ శాస్త్రాలు) మీద మాత్రమే పడిన వేటు అనను. కానీ ఇండియానా యూనివర్సిటీ బ్లూమింగ్టన్ క్యాంపస్ పేరు కింద వరసగా కనిపించినవి భాషలు, సాహిత్యాలు, మత అధ్యయనాలు. ఆ క్యాంపస్ 70కి పైగా భాషలు నేర్పుతుందని పేరున్నది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికా సైన్యం కోరితే అక్కడ రష్యన్, టర్కిష్, ఫిన్నిష్ లాంటి భాషల శిక్షణ మొదలైంది. తరవాతి కాలంలో మధ్య ఆసియా భాషలకు అది పెద్ద కేంద్రమైంది. అంత చరిత్ర ఉన్న చోట ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఎంతమంది ఉన్నారు?

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి జూన్‌లోనూ విన్నాను. "మేడం, మీ గ్రూపులో స్ట్రెంత్ ఎంత?" స్ట్రెంత్ లేదు కాబట్టి గ్రూపు తీసేశాం అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. చేరేవాళ్లే లేనప్పుడు ఖాళీ బెంచీలకు పాఠం చెప్పమనడం ఎవరికీ న్యాయమనిపించదు. కానీ ఆ బెంచీలు వాటంతట అవే ఖాళీ కాలేదు. ఏళ్ల తరబడి వాటిని ఖాళీ చేసిన నిర్ణయాలున్నాయి. వాటి ఫలితాన్నే తెచ్చి కారణంగా చూపించి కోర్సు మూసేస్తున్నారు. అమెరికాలో జరిగిందీ ఇదే, మన దగ్గర జరుగుతున్నదీ ఇదే.

ముందు అమెరికా సంగతి చెబుతాను, అక్కడ కాగితాల మీద స్పష్టంగా ఉంది కాబట్టి.

వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల రాష్ట్రం, అమెరికాలోని పేద రాష్ట్రాల్లో ఒకటి. మోర్గన్‌టౌన్‌లో ఉన్న వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ అక్కడి పిల్లలకు పెద్ద దిక్కు. 2023లో ఆ యూనివర్సిటీ తనకు 4.5 కోట్ల డాలర్ల లోటు ఉందని చెప్పింది. 2015 నుంచి విద్యార్థుల సంఖ్య సుమారు పది శాతం తగ్గిందని చెప్పింది. ఆగస్టులో ఒక ప్రతిపాదన బయటపెట్టింది. అందులో ప్రపంచ భాషల శాఖను మొత్తానికి మొత్తం ఎత్తేయడం ఒకటి. డిగ్రీకి విదేశీ భాష చదివి తీరాలన్న నియమం కూడా తీసేస్తామన్నారు. భాష నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఆన్‌లైన్ యాప్‌తోనో, వేరే యూనివర్సిటీతోనో ఒప్పందం చేసుకోవచ్చని కూడా అన్నారు. ఆగస్టు 21న విద్యార్థులు తరగతులు వదిలి బయటికొచ్చారు. సెప్టెంబరు 6న అధ్యాపకులు సమావేశమై అధ్యక్షుడు గోర్డన్ గీ మీద అవిశ్వాసం ప్రకటించారు. తీర్మానానికి అనుకూలంగా 797 ఓట్లు, వ్యతిరేకంగా 100. అయినా సెప్టెంబరు 15న పాలక మండలి 28 మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) కోర్సులనూ, 143 అధ్యాపక పోస్టులనూ తీసేసింది. ఇంత గొడవ జరిగాక స్పానిష్, చైనీస్ తరగతులు కొన్ని మిగిలాయి. భాషల్లో డిగ్రీ మాత్రం పోయింది. గణితంలో ఎంఎస్, పీహెచ్‌డీ కూడా పోయాయి. "మాకెందుకు, మాది సైన్సు" అనుకునేవాళ్లు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవాలి.

డబ్బు లేదు కాబట్టి మూశారా? ఆ ఏడాది వెస్ట్ వర్జీనియా ప్రభుత్వ ఖజానాలో 180 కోట్ల డాలర్ల మిగులు ఉంది. యూనివర్సిటీకి రాష్ట్రం ఇచ్చే నిధులు దశాబ్దం కిందటి స్థాయిలో ఉండి ఉంటే ఆ లోటులో చాలా భాగం వచ్చేదే కాదని అక్కడి బడ్జెట్ పరిశోధకులు లెక్క తీసి చూపించారు. భాషల శాఖ అధ్యాపకులైతే తమ శాఖ ఖర్చుకన్నా ఎక్కువే సంపాదించి పెడుతోందన్నారు. ఎలాగంటే, ఫ్రెంచి మేజర్‌గా తీసుకునేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ ఇంజనీరింగ్ విద్యార్థీ, జర్నలిజం విద్యార్థీ ఒకటి రెండు సెమిస్టర్లు ఫ్రెంచి తరగతిలో కూర్చుంటారు, ఫీజు కడతారు. మేజర్ల తలలు మాత్రమే లెక్కపెడితే ఆ పిల్లలెవరూ కనపడరు. ఇక విదేశీ భాష చదవాలన్న నియమమే తీసేస్తే రేపు ఆ తరగతికి ఎవరు వస్తారు? తామే దారి మూసేసి, ఈ దారిన ఎవరూ నడవడం లేదని చెప్పడం ఇది.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను.

తెలంగాణలోనైనా, ఆంధ్రలోనైనా బీఏలో ఎవరు చేరతారన్నది డిగ్రీలో తేలదు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే తేలిపోతుంది. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ ఉంటాయి, కొన్నింట్లో ఎంఈసీ ఉంటుంది. హెచ్ఈసీ ఉండదు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం కలిపి చదవాలనుకున్న పిల్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్లాలి. అక్కడ ఆ గ్రూపులో ఉండేది ఎక్కువగా దళిత, గిరిజన, బీసీ కుటుంబాల పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. "లెక్కలు రాక హెచ్ఈసీలో పడ్డాడు" అన్న మాట పదహారేళ్ల పిల్లవాడు ఇంట్లో, వీధిలో, ఒక్కోసారి స్టాఫ్ రూమ్‌లో కూడా వింటాడు. పదహారేళ్లకే ఒక చదువును శిక్షగా మార్చి, ఇరవై ఏళ్లకు ఆ చదువులో ఎవరూ చేరడం లేదని లెక్క రాస్తున్నాం.

ఇంటర్‌లో రెండో భాష సంగతీ అంతే. మార్కులు బాగా వస్తాయని వేలమంది పిల్లలు తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకుంటారు. చాలామంది ఆ సంస్కృతం పరీక్షను తెలుగు లిపిలో రాసి బయటపడతారు. సంస్కృతం వచ్చినట్టూ కాదు, తెలుగు చదివినట్టూ కాదు. ఆ పిల్లలకు తెలుగు మీద అయిష్టం ఉందని దీన్నిబట్టి ఎవరైనా చెప్పగలరా? మార్కుల పద్ధతి అలా పెట్టాం కాబట్టి అలా పోతున్నారు.

డిగ్రీలోకి వచ్చాక జరిగేది నా కళ్లతో చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జరుగుతున్నాయి. ఆన్‌లైన్ పద్ధతి మంచిదే, పారదర్శకంగా ఉండాలనే పెట్టారు. కానీ మారుమూల మండలంలో ఇంటర్ పాసైన అమ్మాయి చేతిలో ఫోన్ ఉండదు, ఉన్నా అది అన్నది. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్లలో తిరిగి సర్టిఫికెట్లు తీసుకుంటారు, ఆప్షన్లు వాళ్లే పెట్టేస్తారు. ఆ ఆప్షన్లలో బీకాం కంప్యూటర్స్ ఉంటుంది. సర్కారు కాలేజీలో బీఏ ఉండదు. సర్కారు కాలేజీ తరఫున ఊళ్లు తిరిగేది లెక్చరర్లమే, ఎండాకాలం సెలవుల్లో, చేతిలో కరపత్రాలు పట్టుకుని.

ఆ తరవాత వర్క్‌లోడ్ అనే లెక్క వస్తుంది. ఒక ఏడాది స్ట్రెంత్ తగ్గితే ఆ సబ్జెక్టుకు వర్క్‌లోడ్ లేదంటారు. రెగ్యులర్ లెక్చరర్‌ను వేరే కాలేజీకి పంపుతారు. పోస్టు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పీరియడ్‌కు ఇంత అని గెస్ట్ లెక్చరర్‌ను పెట్టుకునే ఉత్తర్వు సెమిస్టర్ సగం గడిచాక వస్తుంది. అప్పటిదాకా ఆ తరగతికి పాఠం ఉండదు. పాఠం లేని తరగతికి పిల్లలు రారు. రాని పిల్లలు ఊరికి పోయి "ఆ కాలేజీలో బీయేకు సార్లే లేరు" అని చెబుతారు, అది నిజమే కాబట్టి. మరుసటి ఏడాది ఇంకా తక్కువమంది చేరతారు. మూడో ఏడాది ఆ కాంబినేషన్ ఉండదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో తెలుగు మీడియం హెచ్ఈపీ (చరిత్ర, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్సు) సరిగ్గా ఇలాగే పోయింది. దాన్ని ఎవరో ఒకరు కక్షగట్టి మూయలేదు. ఏ ఫైలు చూసినా నియమాల ప్రకారమే ఉంటుంది. అందుకే ఇది ఎవరికీ నేరంగా కనిపించదు.

ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పెట్టినప్పుడు అక్కడి లెక్చరర్ స్నేహితులు ఇంకో కోణం చెప్పారు. అంతకుముందు హెచ్ఈపీలో ముప్ఫై మంది ఉంటే ఆ ముప్ఫై మందీ చరిత్ర తరగతిలోనూ, ఎకనామిక్స్‌లోనూ, పొలిటికల్ సైన్సులోనూ కూర్చునేవారు. మూడు శాఖలూ బతికేవి. మేజర్ ఒక్కటే అనేసరికి అదే ముప్ఫై మంది మూడుగా చీలిపోతారు. పిల్లల సంఖ్య ఏమీ తగ్గలేదు, లెక్కపెట్టే పద్ధతి మారింది. కానీ జాబితాలో చరిత్ర పక్కన కనిపించేది పది. పదిని చూసినవాడు ఈ కోర్సు ఎందుకంటాడు.

"ప్రభుత్వం ఏం చేస్తుంది? పిల్లలకు ఏది కావాలో అదే కదా ఇస్తుంది" అని నాతో ఎందరో వాదించారు. నాకు చరిత్ర నేర్పింది వేరు. చదువులో గిరాకీని పుట్టించేది ప్రభుత్వాలే. 1957లో రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపగానే అమెరికా బెదిరింది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి సైన్సుతో పాటు ప్రపంచ భాషలకూ డబ్బు పోసింది. అంతకుముందు రోజుదాకా అమెరికా పిల్లలు హిందీ, తమిళం, తెలుగు నేర్పండని క్యూ కట్టలేదు. మన దగ్గర 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో వెలిశాయి. ఆ పథకం వల్ల రైతుకూలీల పిల్లలు ఇంజనీర్లయ్యారు, వాళ్లలో నా విద్యార్థుల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. దాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టను. ఏ చదువు వైపు డబ్బు ప్రవహిస్తే పిల్లలు ఆ వైపు నడుస్తారని మాత్రమే అంటున్నాను. నడిపించిన చెయ్యి తనది కాదన్నట్టు ఇప్పుడు ప్రభుత్వం మాట్లాడకూడదు.

ఇంతకీ తెలుగు పిల్లలకు చరిత్ర, రాజ్యాంగం, సమాజం, ఆర్థికం అక్కర్లేదా? హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వెళ్లి చూడండి. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ముందు పొద్దున్నే సంచులు పెట్టుకుని నిలబడే పిల్లలను చూడండి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు ఉంటాయి. ఒకటి జనరల్ స్టడీస్. రెండోది చరిత్ర, రాజకీయ వ్యవస్థ, సమాజం. మూడోది ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. అంటే మేము బీఏలో చెప్పేదే. 783 పోస్టుల కోసం 2022లో ఇచ్చిన నోటిఫికేషన్‌కు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. వాళ్లలో బీటెక్‌లు, ఫార్మసీలు, బీకాంలు ఎంతమందో. పదహారేళ్లప్పుడు వద్దన్న సబ్జెక్టులనే ఇరవై ఆరేళ్లకు అప్పుచేసి హాస్టల్లో ఉండి, కోచింగ్ సెంటరులో వందలమంది మధ్య మైకులో వింటున్నారు. మా కాలేజీలో అదే పాఠం దాదాపు ఉచితంగా, ఇరవై మంది ఉన్న గదిలో దొరికేది.

ఈ పాఠం ఆ పాఠం ఒకటే కాదు, అది కూడా చెప్పాలి. కోచింగ్‌లో తెలంగాణ సాయుధ పోరాటం అంటే తేదీలు, సంఘాల పేర్లు, నాలుగు ఆప్షన్లు. నేను ద్వితీయ సంవత్సరం పిల్లలకు ఒక పని ఇచ్చేదాన్ని. "మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో కనుక్కోండి. మీ ఊరి గడీ (దొర కోట) గురించి మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టే రాయండి." మొదట్లో నవ్వేవాళ్లు. రెండు వారాలు పోయాక నోటుబుక్కులు నిండి వచ్చేవి. కాకతీయుల చెరువు అని ఒకడు రాస్తే, "కాకతీయులని నీకెలా తెలుసు?" అని అడిగేదాన్ని. వాడు తూము దగ్గర రాయి మీద అక్షరాలున్నాయనేవాడు. ఆ అక్షరాలు చదవగలవా అంటే తల దించుకునేవాడు. అక్కడినుంచి అసలు పాఠం మొదలయ్యేది. ఆధారం అంటే ఏమిటి, విన్న మాటకూ రాసిన మాటకూ తేడా ఏమిటి, శాసనంలో రాజు పేరు ఉంటుంది గానీ మట్టి మోసినవాళ్ల పేర్లు ఎందుకు ఉండవు.

ఒక అమ్మాయి తన నాయనమ్మ చెప్పిన వెట్టి రోజులను రాసుకొచ్చింది. దొర గడీలో పొద్దుగూకిందాకా వడ్లు దంచి, ఇంటికొచ్చి పసిబిడ్డకు పాలివ్వడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చిన రోజులు. తరగతిలో చదవమంటే సగంలో ఆగిపోయింది. ఆమె చదవలేకపోతే పక్కన కూర్చున్న పిల్ల తీసుకుని పూర్తిచేసింది. ఆ రోజు ఆ గదిలో పద్దెనిమిదిమంది ఉండి ఉంటారు. వెట్టి గురించి ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక పేరా ఉంటుంది. తన ఇంటి మనిషి ఆ పేరాలో ఉందని ఆ అమ్మాయికి తెలిసింది కాలేజీకి వచ్చాకే. ఇప్పుడామె సర్కారు బడిలో సోషల్ టీచరు. తన బడి పిల్లలకూ అదే పని ఇస్తోందని మొన్న ఫోన్లో చెప్పింది.

బీఏ తగ్గితే పోయేది ఇలాంటి గదులు. అశోక్‌నగర్‌లో ఇవి దొరకవు. డబ్బున్న పిల్లలకు ఢిల్లీలోనో, ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లోనో లక్షలు పోస్తే ఇంతకన్నా మంచి గదులు దొరుకుతాయి. అక్కడ చరిత్రను ఎవరూ మూసేయడం లేదు. మూతపడుతున్నది మండల కేంద్రంలో, మోర్గన్‌టౌన్‌లో. చదువు అక్కర్లేదని తేల్చేది ఎప్పుడూ బీద పిల్లల చదువునే.

అయినా ఒక ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయను. నర్సంపేట వైపు ఊరినుంచి ఒక తండ్రి వచ్చి మా స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగాడు: "మేడం, ఈ బీయే జేస్తే మా పోరగానికి ఏమొస్తది? ఉన్న ఎకరం కుదువ పెట్టి సదివిస్తున్న." ఆయనకు చరిత్ర గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వలేం. చెప్పాల్సింది నిజం. బీఏ చేసిన నా విద్యార్థులు టీచర్లయ్యారు, కానిస్టేబుళ్లు, ఎస్సైలు, పంచాయతీ కార్యదర్శులు, విలేకరులు అయ్యారు. వకీళ్లయినవాళ్లున్నారు. ఏమీ కానివాళ్లూ ఉన్నారు, ఆటో నడిపేవాళ్లున్నారు. కానీ ఊళ్లలో బీటెక్ చేసి డెలివరీ బండి నడిపేవాళ్లనూ ఆయన చూశాడు. ఉద్యోగాల కొరత మొత్తం దేశానిది. దాని భారం ఒక్క బీఏ మీద వేయడం సబబు కాదు. ఆయన కొడుక్కి నేను చెప్పింది, ఇంగ్లిషు, కంప్యూటరు ఈ మూడేళ్లలోనే నేర్చుకో, కాలేజీలో మేం నేర్పుతాం అని. నేర్పడానికి మనుషులుండాలి. నిజాం కాలేజీలో, కోఠి మహిళా కళాశాలలో బీఏ ఆనర్స్ పెట్టి, కాస్త శ్రద్ధగా నడిపితే మంచి మార్కులొచ్చిన పిల్లలు కూడా ముందుకొచ్చారు. బాగా నడిపిన బీఏలో చేరేవాళ్లు ఉంటారు.

కొన్ని చదువులు మాత్రం ఎంత బాగా నడిపినా చిన్నవిగానే ఉంటాయి. వాటి గురించే నాకు ఎక్కువ బెంగ. కరీంనగర్ దగ్గర కురిక్యాల గ్రామంలో బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన పదో శతాబ్ది శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయకు ముందే తెలుగులో ఛందోబద్ధమైన పద్యం ఉందనడానికి అది రాతిలో ఉన్న సాక్ష్యం. కడప జిల్లా కలమళ్ల శాసనం ఆరో శతాబ్దిది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఊరేగింపులు చేశాం. ఆ హోదాకు పునాది ఇలాంటి రాళ్లు, వాటిని చదివి అచ్చువేసినవాళ్ల శ్రమ. ప్రాచీన తెలుగు లిపి చదవగలిగిన మనిషి తయారు కావడానికి పదేళ్లు పడుతుంది. ఏడాదికి పదిహేనుమంది ఎన్నడూ రారు, అవసరం కూడా లేదు. ఇద్దరు ముగ్గురు చాలు. అయితే ఆ ఇద్దరు ముగ్గురూ ప్రతి ఏడాదీ రావాలి. నడుమ ఒక తరం తెగిపోతే నేర్పేవాళ్లే ఉండరు. మళ్లీ మొదలుపెడదామంటే ఎవరి దగ్గర మొదలుపెడతారు? రోడ్ల విస్తరణలో, ఇళ్ల పునాదుల్లో, క్వారీల్లో శాసనాలు పోతూనే ఉన్నాయి. చదవగలిగినవాడు ఉన్న ఊళ్లో కనీసం అది ఏమిటో తెలిసి ఆపగలుగుతారు.

ఇండియానా లెక్కకు ఈ సంగతి అర్థం కాదు. బీకాంకూ, శాసనాలకూ ఒకే కొలబద్ద పెట్టడం అంటే చిన్నదాన్ని మూసేయాలని ముందే నిర్ణయించుకోవడం.

తెలుగు కూడా అమెరికాలో బతికింది ఇలా చిన్నగానే. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. ఆ తరగతుల్లో వందలమంది ఎన్నడూ లేరు. అయినా పాల్కురికి సోమన, ధూర్జటి, క్షేత్రయ్య, పింగళి సూరన, పెద్దన ఇవాళ ఇంగ్లిషులో చదవడానికి దొరుకుతున్నారంటే ఆయనా, ఆయనతో కలిసి పనిచేసిన షికాగో ఏకే రామానుజన్, జెరూసలేం డేవిడ్ షుల్మన్, హ్యాంక్ హైఫెట్జ్, జీన్ రోఘేర్ లాంటి కొద్దిమందీ కారణం. అమెరికా గ్రంథాలయాల్లో తెలుగు పుస్తకాలు అన్ని ఉండడానికి కారణం ఇంకో విచిత్రమైన కథ. 1954 నాటి పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, ఆ డబ్బు రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయలు ఇక్కడే ఖర్చు పెట్టాలి కాబట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటితో మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకు పంపింది. మన ఊరి గ్రంథాలయాల్లో చెదలు తిన్న పత్రికలూ నవలలూ కొన్ని అక్కడ చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఎంతమంది చదువుతారని అడిగి ఉంటే ఒక్క పెట్టె కూడా ఓడ ఎక్కేది కాదు.

2025 ఆగస్టులో షికాగో యూనివర్సిటీ హ్యుమానిటీస్‌లో చాలా శాఖలకు తరవాతి ఏడాది పీహెచ్‌డీ ప్రవేశాలు నిలిపివేసింది. వాటిలో దక్షిణాసియా భాషల శాఖ కూడా ఉంది, రామానుజన్ పనిచేసిన శాఖ. అక్కడ చేరడానికి పిల్లలు లేరని ఎవరూ అనలేరు, ప్రపంచం నలుమూలల నుంచి దరఖాస్తులు వచ్చే చోటు అది. అక్కడ చెప్పిన మాట డబ్బు గురించి. చేరేవాళ్లు లేనిచోట చేరేవాళ్లు లేరంటారు, ఉన్నచోట డబ్బు లేదంటారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూశాకే, స్ట్రెంత్ అనే మాట మీద నాకున్న కాస్త నమ్మకమూ పోయింది.

ఉన్నత విద్యామండలిని నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. ఒక కోర్సు మూసే ముందు ఆ కాలేజీలో ఆ సబ్జెక్టు పోస్టు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉందో ఆ ఫైల్లో రాయాలి. గెస్ట్ లెక్చరర్ ఏ తేదీన చేరాడో రాయాలి. ఆ మండలంలో హెచ్ఈసీ ఉన్న జూనియర్ కాలేజీ ఎంత దూరంలో ఉందో రాయాలి. మేజర్ తలలు కాదు, ఆ తరగతిలో కూర్చున్న అందరినీ లెక్కపెట్టాలి. ఇవన్నీ రాశాక కూడా మూయాలనిపిస్తే, జిల్లాలో ఒక్క కాలేజీలోనైనా ఆ గ్రూపును తెలుగు మీడియంలో, రెగ్యులర్ అధ్యాపకులతో, హాస్టల్ వసతితో ఉంచాలి. శాసనాలు, లిపిశాస్త్రం, తాళపత్రాల లాంటి వాటికి స్ట్రెంత్ నిబంధన వర్తించదని ఉత్తర్వులో స్పష్టంగా పెట్టాలి.

సాటి లెక్చరర్లకు ఇంకో మాట. మీ కాలేజీలో ఏ బీఏ కాంబినేషన్ ఏ ఏడాది పోయింది, దానికి ముందు ఐదేళ్లలో ఎవరు ఎప్పుడు బదిలీ అయ్యారు, ఆ స్థానంలో ఎవరైనా వచ్చారా అన్నది రాసి పెట్టండి. అటెండెన్స్ రిజిస్టర్లు, టైం టేబుళ్లు చిత్తు కాగితాల్లో పోకముందే ఫోటోలు తీసుకోండి. నేను పనిచేసిన కాలేజీల వివరాలు రాయడం మొదలుపెట్టాను. ముందు పాత వరంగల్ జిల్లా వరకైనా ఒక్క చోట చేర్చి, వచ్చే ప్రవేశాలకు ముందే మండలి ముందు పెట్టాలని నా ప్రయత్నం.